రెండో పళ్లెం మీది పాట

ట్రంకుపెట్టె అప్పటికే గడప దాటి వరండాలోకి వచ్చేసింది. దాని పక్కన స్టూలు మీద కూర్చుని అన్న చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడిగి, తిట్టుకుంటూ తీసి, మళ్ళీ అదే కాలికి తొడిగాడు. కోపం వస్తే ఆయన కాళ్ళూ చేతులూ ఆయన మాట వినవు.

"ఎక్కడికి వెళ్తావన్నయ్యా?" కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే అడిగింది ఆమె. 

"ఎక్కడికైనా. రేడియో లేని చోటికి."

"అలాంటి చోటు ఇంకా ఎక్కడుంది మావయ్యా?" లోపలి గదిలో జుట్టు దువ్వుకుంటూ కూతురు అంది. "ఇప్పుడు జనం జేబుల్లో ఉన్న ఫోన్లలోంచి కూడా మాట్లాడుతున్నాను నేను."

"విన్నావా? విన్నావా దాని మాట? నా పెళ్ళాం చావు దీనికి వేళాకోళమైపోయింది!"

కూతురు దువ్వెన చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"వేళాకోళం కాదు మావయ్యా. నాకు గుర్తున్న అత్త అంటే మిల్లు నుంచి రాగానే నన్నెత్తుకునే రెండు చేతులు. ఆవిడ జుట్టులో దూదిపీచు ఏరేదాన్నట. ఆవిణ్ణి నేనెందుకు వేళాకోళం చేస్తాను?"

"మరి ఆ పాట మళ్ళీ ఎందుకెయ్యడం?"

"నాన్న కోసం."

ఇల్లు వదిలి వెళ్ళిపోయిన ఆ మనిషి ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. మిషను మీద సగం కాజాలు కుట్టిన స్కూలు చొక్కా జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

ఊళ్ళోని రేడియో స్టేషనులో కూతురి కార్యక్రమం పేరు 'వెనక్కి ఓసారి'. ప్రతి ఆదివారం సాయంత్రం ఒక పాత సంవత్సరాన్ని ఎంచుకుని, ఆ ఏటి ఊరి వార్తలు నాలుగు చెప్పి, అప్పుడు అందరి నోళ్ళలో నానిన పాటలు వేస్తుంది. కొత్త వంతెన మీద మొదటి బస్సు ఆగిపోయి జనం దిగి తోసిన వార్త. సినిమాహాల్లో ఫ్యాన్లు పెట్టారని సినిమా అక్కర్లేకపోయినా టిక్కెట్టు కొన్న వాళ్ళ వార్త. ఇన్నాళ్ళూ అన్నీ నవ్వుకునేవే. గతవారం కార్యక్రమం ముగిస్తూ మాత్రం, ఇంట్లో ఒక్క మాటైనా అడక్కుండా, ఊరందరి ముందూ అనేసింది.

వచ్చే వారం మిల్లు కాలిపోయిన ఏడాదికి వెళ్దామంది. చచ్చిపోయినవాళ్ళ పేర్లు చదివిన మరుక్షణం ఆ గంతుల పాట ఎందుకు మోగిందో చెబుతానంది. తప్పు మా నాన్నది కాదు, ఎవరిదో పేరు పెట్టి చెబుతానంది.

ఆ వచ్చే వారం ఇవాళే.

"మిల్లు గేటు ముందు టీకొట్టు రేడియో చుట్టూ నిలబడ్డాం మేము," అన్న చెప్పులతో చెబుతున్నట్టు తల వంచుకుని అన్నాడు. "లోపలికి రానివ్వట్లేదు. ఎవరు పోయారో ఎవరున్నారో రేడియోలో చదివితేనే తెలియాలి. మీ అత్త పేరు చదివారు. నేనింకా కూలబడనైనా లేదు. పాట! చప్పట్లు, ఈలలు! పిల్లలు గెంతే పాట! నా పక్కనున్న ముసలావిడ కొడుకు పేరు విని నోరు తెరిచింది. ఆవిడ ఏడుపు ఆ ఈలల్లో కలిసిపోయింది. అది వినిపిస్తావా మళ్ళీ?"

"అది ఎందుకలా జరిగిందో నువ్వు ఎప్పుడైనా అడిగావా మావయ్యా?"

అన్న ఒక్క క్షణం చెల్లెలి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ చూపేమిటో ఆమెకు అంతుపట్టలేదు.

"లోపలికి రావచ్చా అమ్మా?"

గేటు దగ్గరినుంచి వచ్చిన గొంతు. ముసలిదైపోయింది, అంచులు అరిగిపోయాయి. అయినా ఆ ముగ్గురిలో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆ ఊళ్ళో ఎవరైనా పోయారన్నా, పరీక్షలు వాయిదా పడ్డాయన్నా ఆ గొంతే చెప్పేది. ఊరంతా ఆయన్ని వార్తలాయన అనేవారు. ఆమె భర్తను పాటలాయన అనేవారు. ఇద్దరూ ఒకే స్టేషన్లో అద్దానికి అటూ ఇటూ కూర్చుని పనిచేసినవాళ్ళు.

అన్న లేచి నిలబడ్డాడు. ఒక కాలికే చెప్పుంది.

వార్తలాయన చేతికర్ర గోడకు ఆనించి, చెప్పకుండానే ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు. వెళ్ళిపోదామని సర్దుకున్న పెట్టె మీద ఎవరో కూర్చుంటే అన్నకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. మళ్ళీ స్టూలు మీద కూలబడ్డాడు.

"నేనే మీ ఇంటికి వద్దామనుకున్నాను సార్," కూతురు అంది. "ఫోను చేస్తే పెట్టేశారు."

"పెట్టేశాను. అద్దాలగది గురించి ఫోన్లో ఏం చెబుతాం తల్లీ? ఇప్పుడు మీకన్నీ కంప్యూటర్లో వరసగా ఉంటాయట కదా. మాకు మనిషీ, మనిషి చెయ్యీ."

ఆయన కుడిచెయ్యి పైకెత్తాడు. 

"నేను ఇటు వార్తలు చదువుతుంటే మీ నాన్న అటు తరవాతి రికార్డు సరిచూసుకుంటూ ఉండేవాడు. చెవులకు హెడ్‌ఫోన్లు. ఆయన ముందు రికార్డులు తిరిగే పళ్లేలు రెండు. నా మాట ఆయనకు వినపడదు. చెయ్యే చూడాలి. వార్తలైపోతూ ఉండగా అరచెయ్యి చూపిస్తే, మామూలుగా మొదటి పళ్లెం మీదున్న పాట వెయ్యమని. పిడికిలి చూపిస్తే, చావు కబురు చదివాను, పాట వద్దు, రెండో పళ్లెం మీద వేణువు వెయ్యమని. రెండో పళ్లెం మీద ఎప్పుడూ వేణువు రికార్డే ఉండాలి. అది తియ్యకూడదు. అదీ మా పద్ధతి."

"తెలుసు సార్. అందుకే అంటున్నాను. పిడికిలి చూస్తే మా నాన్న వేణువే వేసేవాడు. ఎప్పుడూ తప్పలేదు."

"ఎప్పుడూ తప్పలేదు," ఆయన ఒప్పుకున్నాడు.

"స్టోర్‌రూములో ఆ రోజు టేపు దొరికింది. పదేపదే విన్నాను. పేర్లు చదువుతూ మీ గొంతు పూడుకుపోయింది. చేతిలో కాయితం కింద పడింది. ఆ చప్పుడు కూడా ఉంది. మీరు వంగి తీశారు. వంగిన మనిషి చెయ్యెత్తుతాడా?"

"లేచాక ఎత్తానమ్మా."

"ఎవరు చూశారు?"

"మీ నాన్న చూశాడు."

"చెప్పడానికి ఆయన లేడుగా."

వార్తలాయన ఎత్తిన చెయ్యి అలాగే పిడికిలి అయింది. దాన్ని ఒళ్ళోకి దించుకుని, ఎవరిదో వస్తువు చూసినట్టు చూసుకున్నాడు.

"పైవాళ్ళు అడిగినప్పుడు ఆయన నా మాట కాదనలేదు. అవును, ఎత్తారు, నా చెయ్యి తప్పింది అన్నాడు. ఎలా తప్పిందంటే నోరు మెదపలేదు. ఉద్యోగం పోయింది. ఇంటి మీద రాళ్ళు పడ్డాయి. నేనూ ఆలోచిస్తూనే ఉన్నాను ఇన్నేళ్ళూ. చూపు మళ్ళినా చేత్తో తడిమి వెయ్యగల మనిషి, ఎలా తప్పాడు?" ఆయన మెల్లగా మిషను వైపు తిరిగాడు. "అమ్మా, ఇంటికొచ్చి మీతో ఏమీ అనలేదా?"

ఆమె చెయ్యి మిషను చక్రం మీద ఉంది. తిప్పలేదు, తియ్యలేదు. కూతురు చూస్తోంది. అన్న చూస్తున్నాడు.

"నాకేం తెలుసండీ," అంది. "వచ్చి భోజనం కూడా చెయ్యలేదు."

ఆ అబద్ధాన్ని ఆమె అంత నున్నగా చెప్పగలదని ఆమెకే తెలియదు.

వార్తలాయన తల ఊపాడు. లేవడానికి కర్ర అందుకున్నాడు.

"మా ఆవిడకి చూపు పోయింది. పొద్దున్నే పేపరు నేనే చదివి వినిపిస్తాను. ఇన్నేళ్ళు ఊరికి చదివారు, ఇప్పుడు నా ఒక్కదానికీ చదవండి అంటుంది. సాయంత్రం రేడియో పెట్టందే ఊరుకోదు. నీ గొంతంటే ఇష్టం తల్లీ ఆవిడకి. ఇవాళ ఏ వంకతో కట్టెయ్యను?"

గేటు వేసి వెళ్ళేటప్పుడు కూడా ఆయన చప్పుడు చెయ్యలేదు. వార్తల గది తలుపు మెల్లగా వేసే అలవాటు.

"ఆయన జోలికి పోకే," ఆమె అంది. గొంతు తనది కానట్టుంది.

"ఎందుకు?"

"ముసలాయన."

"నాన్న కూడా ఎక్కడో ముసలాయనే అయుంటాడు కదమ్మా." కూతురు కింద పడిన చొక్కా తీసి దులిపి మిషను మీద పెట్టింది. అక్కడే మోకాళ్ళ మీద కూర్చుంది, చిన్నప్పుడు దారం ఉండలతో ఆడుకోవడానికి కూర్చున్నట్టు. "నాన్న రేడియో వినకుండా ఉండలేడు. ఏ ఊళ్ళో ఉన్నా ఎవరో ఒకరి ఫోన్లో వింటాడు. నువ్వు తప్పు చెయ్యలేదని అదే రేడియో చెబితే వస్తాడు. రాకపోయినా ఫోన్ చేస్తాడు. నా పుట్టినరోజు వస్తే నువ్వు మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంటావు. అత్త పోయిన రోజని నేనూ ఊరుకున్నాను. ఇంకెన్నాళ్ళమ్మా?"

నాలుక చివరికి వచ్చింది మాట. పళ్ళ దాకా వచ్చింది. కూతురి మొహం చూసేసరికి వెనక్కి పోయింది.

ఎలా చెప్పడం? ఆ పొద్దున ఇదే మిషను మీద ఎర్రగౌను కుడుతూ, "సాయంత్రం పాప పుట్టినరోజుకి అది గెంతే పాట వెయ్యరూ, మీ చేత్తో వేశారని పెద్దయ్యాక చెప్పుకుంటుంది" అని తనే అడిగిందని? ఇంటివాళ్ళ కోసం పాట వెయ్యడం కుదరదని ఆయన మొహం ముడుచుకున్నాడని? వెళ్ళేటప్పుడు మాత్రం పాప చెవి దగ్గర నోరు పెట్టి, "రేడియో దగ్గరే కూర్చో" అన్నాడని?

ఆ రాత్రి మంచం అంచున కూర్చుని ఆయనే చెప్పాడు. వార్తలకీ పాటలకీ మధ్య చిన్న సందు దొరుకుతుందిలే, ఎవరూ కనిపెట్టరులే అనుకున్నాడట. వేణువు రికార్డు తీసి పక్కన పెట్టి, రెండో పళ్లెం మీద పాప పాట ఎక్కించి ఉంచాడట. అప్పటికి మిల్లు సంగతి ఆ అద్దాలగదికి చేరనేలేదు. వార్తలు మొదలయ్యాక ఎవరో పరుగున వచ్చి వార్తలాయన చేతిలో కాయితం పెట్టారు. పిడికిలి లేచింది. పిడికిలి చూడగానే తన చెయ్యి ఎప్పటిలా రెండో పళ్లెం మీదికి వెళ్ళి సూది దించింది. "నేను దించలేదే. చెయ్యే వెళ్ళింది," అన్నాడు. మళ్ళీ అన్నాడు: "పాపకి చెప్పకు. ఎప్పుడూ చెప్పకు. ఆ పిల్ల పుట్టినరోజు మీద ఇంతమంది చావు పెట్టకు."

ఆ వారం తిరక్కుండానే వెళ్ళిపోయాడు. ఆ పొద్దున ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. గుమ్మంలో నిలబడి ఆయన ఏదో అనబోయాడు. "ఉండండి, దారం జారిపోతుంది," అందామె. దారం ఎక్కించి తలెత్తేసరికి గుమ్మం ఖాళీ.

"వస్తానమ్మా, వేళైపోతోంది." కూతురి మాట విని ఉలిక్కిపడి తలెత్తింది.

గుమ్మం ఖాళీ. బయట స్కూటరు చప్పుడు దూరమైపోతోంది.

 అన్న వెళ్ళలేదు. ఆ ఒంటి చెప్పుతోనే కూర్చున్నాడు. కార్యక్రమానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది.

"అన్నయ్యా."

"ఊఁ."

"వార్తలాయన తప్పు లేదు. మీ బావదీ కాదు. నాది. పాప పాట నేనే అడిగాను. నా కోసమే ఆయన రెండో పళ్లెం మీద..."

"తెలుసు."

ఆమెకు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"పుట్టినరోజు పాట. వేణువు తీసెయ్యడం. అన్నీ తెలుసు. బావ నాకు చెప్పాడు."

"ఎప్పుడు?"

అన్న మొహం చేతులతో రుద్దుకున్నాడు. మిల్లులో మంటలార్పబోయి కాలిన కుడిచెయ్యి మీది చర్మం ఇప్పటికీ కాయితంలా ముడతలు పడి ఉంటుంది.

"వెళ్ళిపోయిన పొద్దున. మిల్లు గేటు దగ్గర కూర్చుని ఉన్నాను. ఇంకెక్కడికి పోను? వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నన్ను కొట్టు బావా అన్నాడు. నేను కొట్టలేదే. కొట్టినా బావుండేది."  "ఈ ఊళ్ళో నీ మొహం మళ్ళీ కనబడితే, ఆ పిల్ల కళ్ళెదుటే చంపుతానన్నాను. చంపేముందు, నీ పుట్టినరోజు కోసం మీ అత్త చావు మీద పాటేశాడే మీ నాన్న అని ఆ పిల్లకి చెబుతానన్నాను."

ఆమె మిషను చక్రం వదిలి అన్నవైపు తిరిగింది.

"ఒక్కసారి ఇంటికెళ్ళి పాపని చూసి పోతాను బావా అన్నాడు. వద్దన్నాను. ఇటునుంచి ఇటే పో అన్నాను. పోయాడు."

"ఇటునుంచి ఇటే," ఆమె గొణిగింది.

అంటే గుమ్మంలో నిలబడి ఆయన అనబోయింది వెళ్తున్నానని కాదు. మీ అన్నయ్యని చూసొస్తానని అయుంటుంది. వచ్చేస్తానని అయుంటుంది. ఇన్నేళ్ళు ఆ ఖాళీ గుమ్మాన్ని ఆమె తన మెడకు చుట్టుకుని మోసింది.

"మిమ్మల్నిద్దర్నీ అలా వదల్లేక వచ్చి ఇక్కడ పడ్డాను..." అన్న అంటున్నాడు.

"ఇన్నేళ్ళు నా చేతి కూడు తిన్నావు," అందామె. అరవలేదు. కాజా తప్పిపోయిందన్నంత మామూలుగా అంది. "రోజూ నాకెదురుగా కూర్చుని తిన్నావు. నేను గుమ్మంవైపు చూస్తుంటే చూస్తూ తిన్నావు."

"అందుకే పోతున్నాను. పాట కోసమనుకున్నావా? అది ఆ కథ చెబితే, బావ ఎక్కడో విని ఫోను చేస్తే? ఎందుకు పోయావని అది అడిగితే? ఆ మాట వినే ఓపిక నాకు లేదే."

గడియారం ఆరు కొట్టింది.

ఆమె లేచింది.  అలమార మీది రేడియో దించి, అన్న కూర్చున్న స్టూలు ఎదురుగా, ట్రంకుపెట్టె మీదే పెట్టి మీట తిప్పింది.

కూతురి గొంతు. ఇంట్లో గొంతు కాదు, నునుపైన రేడియో గొంతు. ఆ ఏడు వచ్చిన కొత్త సైకిళ్ళ గురించి, ఊరిని మోతెక్కించిన పాటల గురించి రెండు ముక్కలు చెప్పింది. ఆపైన, "ఇప్పుడు ఆనాటి సాయంత్రం వార్తలు, ఉన్నవి ఉన్నట్టుగా," అంది.

గరగరమంటూ టేపు. యువకుడైన వార్తలాయన. ఒక్కొక్క పేరూ విడివిడిగా, గౌరవంగా చదివాడు. అన్న భార్య పేరు వచ్చింది. తరువాత మరికొన్ని పేర్లు. చివరి పేరు దగ్గర కాయితం జారిన చప్పుడు. అంతే. చప్పట్లు, ఈలలు.

అన్న మోకాళ్ళ మధ్య తల దూర్చుకున్నాడు. ఆమె మాత్రం ఆ పాటను మొదటినుంచి చివరిదాకా నిలబడి వింది. ఆ రోజు విన్నట్టే. ఆ రోజు ఎర్రగౌను వేసుకున్న పిల్ల ఈ ఇంట్లోనే గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయి నవ్వింది. మిషను చప్పుడులో ఆ పేర్లు ఆమె చెవిన పడలేదు, మిల్లు సంగతి వీధిలోకి రావడానికి అప్పటికింకా కాస్త సమయం ఉంది.

"ఈ పాట ఎవరి పొరపాటు వల్ల మోగిందో చెప్పేముందు," కూతురు అంటోంది, "ఆ సాయంత్రం మీరు ఎక్కడున్నారో చెప్పండి. మా ఫోను మీ కోసం తెరిచే ఉంది."

ఆమె ఫోను తీసింది. లైను ఖాళీ లేదు. రేడియోలో ఎవరో పెద్దాయన టీకొట్టు గురించి చెబుతున్నాడు. మళ్ళీ నొక్కింది. ఖాళీ లేదు. ఎవరో ఆవిడ మాట్లాడలేక ఏడ్చి పెట్టేసింది. మళ్ళీ నొక్కింది.

"ఎవరికే?" అన్న తలెత్తాడు.

"హలో, వెనక్కి ఓసారి. ఎవరు మాట్లాడుతున్నారు?"

"హలో," అంది ఆమె. అదే 'హలో' ఎదురుగా రేడియోలోంచి వచ్చి కీచుమని అరిచింది.

"మీ రేడియో కొంచెం తగ్గించండమ్మా." ఏ ఆడమనిషి ఫోను చేసినా కూతురు అలాగే అంటుంది. "చెప్పండి. ఆ రోజు మీరు ఎక్కడున్నారు?"

అన్న వంగి రేడియో తగ్గించాడు. కట్టెయ్యలేదు.

"ఇంట్లో," అందామె. "ఆ పొద్దున గౌను కుట్టాను. ఎర్రది."

అవతల ఊపిరి ఆగింది.

"వార్తలాయన పిడికిలి ఎత్తారు. ఆయన తప్పేం లేదు. ఆయన భార్య కూడా వింటోంది, అందుకే ఇలా అందరి ముందూ చెబుతున్నాను. పిడికిలి చూసి రెండో పళ్లెం మీదున్నదే వేశారు మీ నాన్న. దాని మీద వేణువు లేదు."

"మరి ఏముంది?" రేడియో గొంతు పోయింది. అది ఇంట్లో గొంతు. "అమ్మా, ఏముంది?"

"నీ పాట. నీ పుట్టినరోజని నేనే అడిగాను."

రేడియోలో ఖాళీ ఉండకూడదనేవాడు ఆమె భర్త. ఒక్క క్షణం ఖాళీ వచ్చినా ఊరంతా తలెత్తి చూస్తుందనేవాడు. ఆ ఆదివారం సాయంత్రం ఊరంతా తలెత్తి చూసేంత ఖాళీ వచ్చింది. ఎవరూ వేణువు వెయ్యలేదు.

కూతురు చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"నా మీద కోపమొచ్చి వెళ్ళిపోయాడా అమ్మా?"

"కాదే. కాదు."

"మరెందుకు వెళ్ళాడు?"

తగ్గించిన రేడియోలోంచి ఆ ప్రశ్న రెండోసారి, సన్నగా, ఇంట్లోకి వచ్చింది.

ఆమె అన్న వైపు చూసింది. అన్న లేచి నిలబడ్డాడు, ఒంటి చెప్పుతో. కాలిన చెయ్యి ముందుకు చాచాడు. రేడియో కట్టెయ్యడానికో, ఫోను అందుకోవడానికో ఆమెకు తెలియలేదు.